యల్లాప్రగడ సుబ్బారావు: వైరస్ వాకిట ఆగిన అన్వేషణ

1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి బొంబాయి రేవులో అడుగుపెట్టి, రైలు మార్గాల వెంట దేశమంతటా పాకింది. సైనికులను, కూలీలను, యాత్రికులను చేరవేసిన రైళ్ళే జ్వరాన్నీ చేరవేశాయి. కొద్ది నెలల వ్యవధిలో భారతదేశంలో కోటి మందికి పైగా మరణించారని చరిత్రకారుల అంచనా. ఆ జ్వరానికి కారణమేమిటో నాటి వైద్యులకు తెలియదు. మానవులకు సోకే ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను తొలిసారి వేరుచేయగలిగింది 1933లోనే. కారణమే తెలియని వ్యాధికి మందు ఎక్కడి నుంచి వస్తుంది? పడక, గంజి, తడిబట్ట, దైవప్రార్థన తప్ప వైద్యుని చేతిలో మరేమీ లేని కాలమది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మద్రాసు వైద్య కళాశాలలో భీమవరం నుంచి వచ్చిన ఒక యువకుడు వైద్యవిద్య అభ్యసిస్తున్నారు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. అనంతర కాలంలో అమెరికాలో ఆయన నడిపించిన పరిశోధనలు రక్తహీనతకు, బోదకాలు వ్యాధికి, క్యాన్సర్‌కు, అనేక బ్యాక్టీరియా వ్యాధులకు మందులను అందించాయి. వైరస్‌ను అదుపు చేసే మందు మాత్రం ఆయన జీవితకాలంలో రాలేదు. అయితే నేడు ప్రపంచం వాడుతున్న వైరస్ నిరోధక మందులలో అనేకం పనిచేసే తీరుకు మూలాలు ఆయన పనిచేసిన ప్రయోగశాలల పరిసరాల్లోనే కనిపిస్తాయి.

భీమవరం నుంచి మద్రాసు వరకు

సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగోవారు. అనారోగ్యంతో తండ్రి ముందుగానే ఉద్యోగం విరమించడంతో కుటుంబభారం తల్లిపై పడింది. చదువుపై ధ్యాస నిలవని బాలుడు పదమూడేళ్ళ వయసులో ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనం సంపాదించాలని బయలుదేరాడు. పెద్దలు మధ్యలోనే పట్టుకుని వెనక్కు తెచ్చారు. కొంతకాలానికి తండ్రి కన్నుమూశారు. చదువు మాన్పించడానికి తల్లి అంగీకరించలేదు. తన నగలు అమ్మి కుమారుని బడికి పంపారు. రెండుసార్లు తప్పిన మెట్రిక్యులేషన్‌ను సుబ్బారావు మూడో ప్రయత్నంలో మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుంచి పూర్తిచేశారు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్న కాలంలో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మొగ్గింది. సన్యసించాలని సంకల్పించారు. తల్లి సమ్మతి లేనిదే అది సాధ్యం కాదని మఠం పెద్దలు చెప్పారు. వెంకమ్మ సమ్మతించలేదు. వైద్యం చదివితే సన్యసించకుండానే సేవ చేయవచ్చన్న ఆలోచన ఆయనను మద్రాసు వైద్య కళాశాలకు చేర్చింది. చదువు ఖర్చుకు మిత్రులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి సహాయపడ్డారు. 1919లో సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహం జరిగింది.

అవి గాంధీజీ పిలుపు దేశాన్ని కదిలిస్తున్న రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి సైతం ఖద్దరు దుస్తులతోనే వెళ్ళారు. అది ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. రాతపరీక్షలన్నీ చక్కగా రాసినా, పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. ధ్రువపత్రమే ఆయనకు దక్కింది. దానితో ప్రభుత్వ వైద్యసేవలో చేరే మార్గం మూసుకుపోయింది.

ఆ దశకంలోనే ఇంట్లో మరో పిడుగు పడింది. పురుషోత్తం, కృష్ణమూర్తి అనే ఇద్దరు సోదరులు స్ప్రూ వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. తిన్న అన్నం ఒంటబట్టక, రక్తం తగ్గి, మనిషి క్షీణించిపోయే ఆ వ్యాధికి నాడు అల్లోపతిలో సరైన మందు లేదు. అదే వ్యాధి సుబ్బారావునూ పట్టుకుంది. ఆయుర్వేద వైద్యంలోనూ పేరుపొందిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నారు. అనంతరం లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రం బోధించారు. ఏ మందులోని ఏ పదార్థం తనను బ్రతికించిందో తెలుసుకోవాలన్న జిజ్ఞాస ఆయనను ఇక వదలలేదు.

బోస్టన్‌లో రాత్రి కొలువు, పగటి పరిశోధన

మామగారి తోడ్పాటు, కాకినాడకు చెందిన మల్లాది సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయంతో 1920ల ఆరంభంలో సుబ్బారావు అమెరికా చేరారు. నిండు గర్భిణి అయిన భార్యకు మూడేళ్ళలో తిరిగి వస్తానని మాటిచ్చి ఓడ ఎక్కారు. ఆ మాట నిలుపుకోలేకపోయారు. పుట్టిన మగబిడ్డ పసితనంలోనే వ్యాధి సోకి మరణించాడు. ఆ బిడ్డను తండ్రి చూడలేదు. భార్యాభర్తలు మళ్ళీ కలుసుకోనూ లేదు. సుబ్బారావు సాధించిన ప్రతి విజయాన్నీ లెక్కవేసేటప్పుడు శేషగిరి చెల్లించిన మూల్యాన్నీ ఆ పక్కనే రాయవలసి ఉంటుంది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం చదివేందుకు ప్రవేశం లభించింది గానీ విద్యార్థి వేతనం లభించలేదు. జీవనం కోసం ఆయన బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రివేళ వార్డుబాయిగా చేరారు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసిన చేతులతోనే పగలు ప్రయోగశాలలో పరీక్షనాళికలు పట్టారు. డిప్లొమా పూర్తయ్యాక జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద చేరారు.

రక్తంలోనూ, మూత్రంలోనూ, కండరంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని వారిరువురూ 1925లో ప్రకటించారు. నమూనాలో భాస్వరం ఎంత ఎక్కువగా ఉంటే నీలిరంగు అంత గాఢంగా వస్తుంది. రంగు గాఢతను చూసి పరిమాణం చెప్పవచ్చు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో జీవరసాయన విద్యార్థులు నేటికీ దానిని నేర్చుకుంటున్నారు. ఆ కొలమానంతోనే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వారు వెలికితీశారు. దానినే సంక్షిప్తంగా ఏటీపీ అంటున్నాం. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దానిని స్వతంత్రంగా కనుగొన్నారు.

ఏటీపీ ప్రతి జీవకణంలోనూ శక్తిని చెలామణీ చేసే నాణెం వంటిది. కండరం కదలాలన్నా, నాడి స్పందించాలన్నా కణం దానినే ఖర్చు చేస్తుంది. ఇంతేకాదు, కణంలో ఆర్.ఎన్.ఎ. గొలుసును అల్లడానికి కావలసిన నాలుగు రకాల ఇటుకలలో ఏటీపీ ఒకటి. ఈ రెండో సంగతికి ఉన్న ప్రాముఖ్యం ఆనాటికి ఇంకా బోధపడలేదు. వైరస్ చికిత్స కథలో అదే కీలకమని తేలడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది.

1930లో హార్వర్డ్ సుబ్బారావుకు పి.హెచ్.డి. ప్రదానం చేసింది. కాలేయ సారంలోని పోషకాలపై ఆయన పరిశోధన కొనసాగింది. శాశ్వత ఆచార్య పదవి మాత్రం దక్కలేదు. అదే విభాగంలో ఫిస్క్ వద్ద పరిశోధన చేసిన జార్జ్ హిచింగ్స్, అనంతర కాలంలో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త, సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు ఆ రోజుల్లో వెలుగు చూడలేదనీ, ఏళ్ళు గడిచాక ఇతరులు వాటిని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ పేర్కొన్నారు. న్యూక్లియోటైడ్లంటే డి.ఎన్.ఎ., ఆర్.ఎన్.ఎ. గొలుసులకు ఇటుకలే. అదే హిచింగ్స్ తరువాత వాటి నకళ్ళతో వైద్యచరిత్రను మార్చారు.

పెర్ల్ రివర్‌లో ఎనిమిదేళ్ళు

1940లో సుబ్బారావు హార్వర్డ్‌ను వీడి, న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలలో చేరారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధనలకు సంచాలకులయ్యారు. ఆ తరువాత ఆయన జీవించినది ఎనిమిదేళ్ళే. ఆ ఎనిమిదేళ్ళలో ఆ ప్రయోగశాల నుంచి వచ్చిన మందుల జాబితా ఒక తరం కృషికి సరిపోయేటంత పెద్దది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. బొంబాయి మిల్లు కార్మిక కుటుంబాలలో గర్భిణులను పీడిస్తున్న రక్తహీనతను ఈస్ట్ సారంలోని ఏదో పదార్థం నయం చేస్తున్నదని ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ 1931లో గుర్తించారు. ఆ పదార్థాన్ని శుద్ధిచేసి, దాని నిర్మాణాన్ని ఛేదించి, 1945లో కృత్రిమంగా తయారుచేసినది సుబ్బారావు నాయకత్వంలోని బృందమే. వైద్యులు దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. రోగులు కోలుకున్నారు. తన ఇద్దరు సోదరులను బలిగొన్న వ్యాధికి మందు ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. అప్పటికి పాతికేళ్ళకు పైగా ఆలస్యమైంది.

రెండోది ఫోలిక్ ఆమ్లానికి నకలు. అచ్చం ఫోలిక్ ఆమ్లంలాగే కనిపిస్తూ, కణంలోకి చేరాక దాని పని చేయకుండా అడ్డుపడే రసాయనాన్ని సుబ్బారావు బృందం రూపొందించింది. సరైన తాళంచెవిని పోలిన మరో తాళంచెవి రంధ్రంలో దూరి ఇరుక్కుపోతే తలుపు తెరుచుకోదు. ఇదీ అంతే. వేగంగా విభజన చెందే క్యాన్సర్ కణాలకు ఫోలిక్ ఆమ్లం అత్యవసరం. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఈ నకలును, అంటే అమినోప్టెరిన్‌ను, రక్తక్యాన్సర్‌తో బాధపడుతున్న పదహారుగురు పిల్లలకు ఇచ్చారు. పదిమందిలో తాత్కాలికంగానైనా మెరుగుదల కనిపించింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్ చికిత్సలోనూ, కీళ్ళవాతం చికిత్సలోనూ వాడుకలో ఉంది.

మూడోది హెట్రజాన్. దీని రసాయన నామం డైఇథైల్‌కార్బమజీన్. 1947లో వెలువడిన ఈ మందు బోదకాలుకు కారణమైన ఫైలేరియా పురుగులపై పనిచేస్తుంది. కోస్తా ఆంధ్ర నుంచి ఒడిశా మీదుగా పశ్చిమ బెంగాల్ వరకు సాగే తీరప్రాంతానికి ఈ వ్యాధి చిరపరిచితం. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించే మాత్రలలో నేటికీ ఉన్నది ఆ మందే. అది మింగే లక్షలాది మందిలో దాని వెనుక భీమవరం మనిషి ఉన్నారని తెలిసినవారు స్వల్పం.

బంగారు రంగు మందు, వైరస్‌పై ఆశ

పెన్సిలిన్ రాకతో బ్యాక్టీరియా వ్యాధులపై పోరు మలుపు తిరిగింది. కానీ పెన్సిలిన్‌కు లొంగని వ్యాధులు ఎన్నో మిగిలిపోయాయి. మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి మరింత విస్తృతంగా పనిచేసే మందును వెతికే బాధ్యతను సుబ్బారావు బెంజమిన్ డుగ్గర్‌కు అప్పగించారు. వృక్షశాస్త్ర ఆచార్యుడైన డుగ్గర్ అప్పటికే డెబ్బై దాటి విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేసినవారు. దేశంలోని పలు ప్రాంతాల నుంచి మట్టి నమూనాలు తెప్పించి పరీక్షించగా, మిస్సోరీ విశ్వవిద్యాలయ వ్యవసాయ క్షేత్రం నుంచి వచ్చిన మట్టిలో బంగారు వర్ణపు సూక్ష్మజీవి ఒకటి బయటపడింది. అది స్రవించే పదార్థానికి ఆరియోమైసిన్ అని పేరుపెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే తొలి మందు.

లెడర్లేలో వైరస్, రికెట్సియా పరిశోధనా విభాగానికి హెరాల్డ్ కాక్స్ అధిపతి. పొదిగే దశలోని కోడిగుడ్లలో సూక్ష్మజీవులను పెంచే విద్యలో ఆయన నిష్ణాతులు. కొత్త మందును ఆ గుడ్లలోనూ, జంతువులలోనూ పెరుగుతున్న సూక్ష్మజీవులపై ప్రయోగించారు. టైఫస్ వంటి రికెట్సియా వ్యాధుల కారకాలు లొంగిపోయాయి. చిలుకల నుంచి మనుషులకు సోకే సిట్టకోసిస్ అనే జ్వరపు కారకమూ లొంగింది. న్యూయార్క్ హార్లెమ్ ఆసుపత్రిలో సుప్రసిద్ధ నల్లజాతి శస్త్రవైద్యుడు డాక్టర్ లూయీ రైట్ ఆరియోమైసిన్‌ను మనుషులపై తొలిగా వాడి, గజ్జల్లో గడ్డలు కట్టే ఒక సుఖవ్యాధి నయమవుతున్నదని చూపారు. 1948 జూలైలో న్యూయార్క్ విజ్ఞాన అకాడమీ సమావేశంలో ఈ ఫలితాలు వెల్లడయ్యాయి.

నాటి వైద్యగ్రంథాల ప్రకారం సిట్టకోసిస్ వైరస్ వ్యాధి. ఆ సుఖవ్యాధీ వైరస్ వ్యాధే. ఆరియోమైసిన్ వాడినప్పుడు మెరుగుపడిన ఒక రకం న్యుమోనియాకు కూడా వైరసే కారణమని భావించేవారు. వాటి కారకాలు సాధారణ బ్యాక్టీరియాలా బయట పెరగకపోవడం, వడపోత గుడ్డకు చిక్కనంత సూక్ష్మంగా ఉండడం అందుకు కారణాలు. కనుక మానవజాతికి వైరస్‌ను జయించే మందు దొరికిందన్న ఆశ ఆ వేసవిలో బలంగా రేకెత్తింది. మశూచికీ, ఇన్‌ఫ్లుయెంజాకూ, పోలియోకూ ఇక దారి తెరుచుకుంటుందన్న నమ్మకం కలగడం సహజమే.

ఆ నమ్మకం నిలవలేదు. మశూచిపై గానీ, ఇన్‌ఫ్లుయెంజాపై గానీ, పోలియోపై గానీ ఆరియోమైసిన్ పనిచేయలేదు. 1960లలో అసలు రహస్యం బయటపడింది. ఆ మందుకు లొంగినవి వైరస్‌లు కావు. ఆ న్యుమోనియాకు కారణం మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియా అని తేలింది. సిట్టకోసిస్‌కు, ఆ సుఖవ్యాధికి కారణం క్లమీడియా జాతి బ్యాక్టీరియా అని నిర్ధారణ అయింది. టెట్రాసైక్లిన్లు బ్యాక్టీరియా తన ప్రొటీన్లను తయారుచేసుకునే రైబోజోమును అడ్డుకుంటాయి. వైరస్‌కు సొంత రైబోజోము ఉండదు. అది మనిషి కణంలోకి చొరబడి, ఆ కణం సామగ్రితోనే తన సంతతిని తయారుచేసుకుంటుంది. దెబ్బ తగిలే చోటే లేనప్పుడు ఆయుధం ఎంత పదునైనదైనా వృథా.

ఈ తేడా నేటికీ సామాన్య జనానికి ప్రాణావసరమైన సంగతి. జలుబుకూ, వైరల్ జ్వరానికీ యాంటీబయాటిక్ మాత్ర కొని మింగడం దుకాణాల వద్ద నిత్యం కనిపించే దృశ్యం. ఆ మాత్ర వైరస్‌ను తాకదు. శరీరంలోని బ్యాక్టీరియాకు మాత్రం మందును తట్టుకునే శిక్షణ ఇస్తుంది. కోవిడ్ కాలంలో ఆరియోమైసిన్ వంశానికి చెందిన డాక్సీసైక్లిన్‌ను సైతం పరీక్షించారు. బ్రిటన్‌లో ఇళ్ళ వద్దనే చికిత్స పొందుతున్న వృద్ధులపై జరిపిన పెద్ద అధ్యయనంలో దానివల్ల ప్రయోజనం లేదని 2021లో తేలింది. పాత మందును కొత్త వ్యాధికి పరీక్షించడం తప్పు కాదు. పరీక్షించకుండా నమ్మడమే తప్పు.

ఆగిన ఊపిరి

న్యూయార్క్ సమావేశం జరిగిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టు 8 రాత్రి నిద్రించిన సుబ్బారావు మరునాడు లేవలేదు. గుండెపోటు ఆయనను నిద్రలోనే తీసుకుపోయింది. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండడానికి వారం రోజులు మిగిలి ఉన్నాయి. అమినోప్టెరిన్ ఫలితాలు వెలువడి రెండు నెలలు. ఆరియోమైసిన్ ఇంకా దుకాణాలకు చేరలేదు. వైరస్‌లకు మందు దొరికిందన్న ఆశ ఇంకా సజీవంగానే ఉంది. అది భ్రమ అని తెలిసే అవకాశం ఆయనకు కలగలేదు.

నకలు తాళంచెవి మిగిల్చిన దారి

ఆరియోమైసిన్ వైరస్‌ను జయించలేదు. ఆ తలుపు తెరిచింది సుబ్బారావు బృందం చేపట్టిన మరో మార్గం, అంటే నకలు తాళంచెవి సూత్రం. ఆ సూత్రం ఆయన ఒక్కరిదే కాదు. 1930లలో వచ్చిన సల్ఫా మందులు పనిచేసే తీరును వివరించిన ఆంగ్ల శాస్త్రవేత్తలూ, హార్వర్డ్ నుంచి వెళ్ళి బరోస్ వెల్కమ్ సంస్థలో చేరిన హిచింగ్స్, ఆయన సహచరి గెర్‌ట్రూడ్ ఎలియన్ కూడా దానిని పెంచి పోషించినవారే. డి.ఎన్.ఎ. ఇటుకలను పోలిన నకిలీ ఇటుకలను తయారుచేస్తే, వేగంగా పెరిగే కణాలు వాటిని పొరపాటున అందుకుని నిలిచిపోతాయన్నది వారి ఆలోచన. మొదట అది రక్తక్యాన్సర్‌కు మందునిచ్చింది. తరువాత వైరస్‌ల వైపు తిరిగింది.

కంటి పొరకు సోకే హెర్పిస్ వైరస్‌పై ఐడాక్సురిడిన్ అనే నకిలీ ఇటుక పనిచేస్తుందని 1962లో రుజువైంది. క్యాన్సర్ కోసం తయారైన రసాయనమది. ఎలియన్ బృందం నుంచి 1970ల చివర వచ్చిన ఎసైక్లోవిర్ మరో మెట్టు ఎక్కింది. వైరస్ సోకిన కణంలో మాత్రమే అది చురుకైన రూపం దాలుస్తుంది. సోకని కణం జోలికి దాదాపుగా పోదు. హెర్పిస్‌కు, ఒళ్ళంతా మంటలు పుట్టించే సర్పికి, తీవ్రమైన ఆటలమ్మకు నేటికీ అదే ప్రధానమైన మందు. హిచింగ్స్, ఎలియన్ 1988లో నోబెల్ బహుమతి పొందారు. 1964లో క్యాన్సర్ కోసం తయారై, పనికిరాదని పక్కన పెట్టిన ఏ.జెడ్.టి. అనే మరో నకిలీ ఇటుక 1987లో ఎయిడ్స్‌కు అనుమతి పొందిన తొలి మందు అయింది.

ఈ చరిత్రలో సుబ్బారావు చదువుకున్న మద్రాసు నగరానికీ ఒక పేజీ ఉంది. 1963లో అక్కడి అంటువ్యాధుల ఆసుపత్రిలో మశూచి రోగుల ఇళ్ళలోని వారికి మెథిసాజోన్ అనే మందు ఇచ్చి చూశారు. మందు తీసుకున్న 1,101 మందిలో ముగ్గురికి మాత్రమే, అదీ స్వల్పంగా, మశూచి సోకింది. తీసుకోని 1,126 మందిలో 78 మందికి సోకగా 12 మంది మరణించారు. వైరస్ వ్యాధిని మందుతో ముందుగానే అడ్డుకోవచ్చని మనుషులలో చూపిన తొలి పెద్ద ప్రయత్నాలలో అది ఒకటి. తరువాతి అధ్యయనాలలో ఫలితం అంత గొప్పగా రాలేదు. చివరకు మశూచిని రూపుమాపినది మందు కాదు, టీకా.

ఖరగ్‌పూర్ దాకా చేరిన వారసత్వం

బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో కార్ఖానా నెలకొల్పిన నాటి నుంచి ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల తెలుగు కుటుంబాలు అక్కడికి తరలివెళ్ళాయి. మథురాకాటి, నింపురా వంటి బస్తీలలో నాలుగైదు తరాలుగా తెలుగు వినిపిస్తూనే ఉంది. వేసవిలో అక్కడ జరిగే మాతా పూజలకు ఊరంతా కదులుతుంది. మశూచినీ, ఆటలమ్మనూ తెలుగువారు అమ్మవారు పోయడమన్నారు. ఇరుగుపొరుగు బెంగాలీలు శీతలాదేవిని కొలిచారు. వైరస్ అనే మాట పుట్టకముందే దానిని ఎదుర్కొన్న జనం, తమకు చేతనైన పేరుతో, చేతనైన మొక్కుతో ఎదుర్కొన్నారు.

ఆ పట్టణంలోనే, ఒకనాటి హిజ్లీ నిర్బంధ శిబిరం ఆవరణలో 1951లో ప్రారంభమైన ఐఐటీ, 2020లో కోవిడ్‌ను తక్కువ ఖర్చుతో గుర్తించే కోవిరాప్ అనే పరీక్షా సాధనాన్ని రూపొందించింది. భారత వైద్య పరిశోధన మండలి దానిని ఆమోదించింది. అదే ఏడాది హైదరాబాద్‌కు చెందిన హెటెరో సంస్థ దేశంలో రెమ్డెసివిర్ తయారీకి అనుమతి పొందింది. హెచ్.ఐ.వి., కామెర్ల వైరస్‌లకు వాడే అనేక మందులనూ హైదరాబాద్ సంస్థలు తయారుచేసి పలు దేశాలకు పంపుతున్నాయి.

రెమ్డెసివిర్ పనిచేసే తీరును పరిశీలిస్తే కథ మళ్ళీ 1929కే చేరుతుంది. ఈ మందు శరీరంలో మారి, ఏటీపీని పోలిన రూపం దాలుస్తుంది. కరోనా వైరస్ తన ఆర్.ఎన్.ఎ. గొలుసును అల్లుకునేటప్పుడు అసలు ఏటీపీకి బదులు ఈ నకలును అందుకుంటుంది. కొద్ది అడుగుల తరువాత అల్లిక ఆగిపోతుంది. హెచ్.ఐ.వి. రోగులు రోజూ వేసుకునే టెనోఫోవిర్ కూడా ఇదే అడినిన్ కుటుంబానికి నకలు. బోస్టన్‌లో ఒక తెలుగు విద్యార్థి కండరపు రసంలో పట్టుకున్న పదార్థం, తొంభై ఏళ్ళ తరువాత వైరస్‌ను మోసగించే మారువేషానికి మూలరూపమైంది.

ఈ మందులు సర్వరోగ నివారిణులు కావు. రెమ్డెసివిర్ కోసం 2021 వేసవిలో జనం ఆసుపత్రుల ముందు బారులు తీరారు. నల్లబజారులో అధిక ధరలు చెల్లించారు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేక దేశాలలో జరిపిన పరీక్షలలో అది మరణాలను తగ్గించిన ప్రభావం స్వల్పమేనని తేలింది. వైరస్ నిరోధక మందు సోకిన తొలి రోజుల్లో ఇస్తేనే ఎక్కువగా ఫలిస్తుంది. పైగా వైరస్ తన రూపం మార్చుకుంటూ మందును తప్పించుకుంటుంది. అందుకే కొత్త మందుల అన్వేషణా, పాత మందులను కొత్త వ్యాధులపై పరీక్షించే ప్రయత్నమూ ఏకకాలంలో సాగవలసి ఉంది.

సుబ్బారావు శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ వెలువరించింది. ఒక శిలీంధ్రానికి శాస్త్రవేత్తలు ఆయన పేరు పెట్టారు. నోబెల్ బహుమతి రాలేదు. స్వదేశంలో పెద్ద పేరూ రాలేదు. బోదకాలు మాత్ర మింగే గ్రామీణునిలో, గర్భిణికి అంగన్‌వాడీలో అందే ఫోలిక్ ఆమ్లపు మాత్రలో, రక్తక్యాన్సర్ నుంచి కోలుకుని బడికి వెళ్ళే పిల్లవాడిలో ఆయన కృషి నిలిచి ఉంది. 1918లో రైలు తెచ్చిన జ్వరం ముందు వైద్యుడు రిక్తహస్తాలతో నిలబడ్డాడు. ఈనాటి వైద్యుని చేతిలో కొన్ని మందులైనా ఉన్నాయి. ఆ మార్పు వెనుక నగలమ్మి చదివించిన ఒక తల్లి, తిరిగిరాని భర్త కోసం జీవితమంతా ఎదురుచూసిన ఒక భార్య, రాత్రంతా వార్డులో పనిచేసి పగలు పరిశోధన సాగించిన ఒక మనిషి ఉన్నారు.